డయాలసిస్ సమర్థత కొలత

కిడ్నీలు పాడైనవారి రక్తాన్ని యంత్రం ఎంత బాగా శుద్ధి చేస్తోందో తేల్చే పరీక్షలను డయాలసిస్ సమర్థత కొలతలంటారు. వీటికి ప్రధాన ఆధారం రక్తంలోని యూరియా తగ్గుదల.

చరిత్ర

1943లో నెదర్లాండ్స్‌లో విల్లెం కోల్ఫ్ డయాలసిస్ యంత్రాన్ని వాడుకలోకి తెచ్చారు. 1960లో సియాటిల్‌లో బెల్డింగ్ స్క్రిబ్నర్ రక్తనాళాలకు ‘షంట్’ అనే గొట్టం అమర్చాక ఏళ్ల తరబడి డయాలసిస్ సాధ్యమైంది. ఎంత చేస్తే చాలన్నది మాత్రం ఆకలి, వాంతులు, నీరసం చూసి అంచనా వేసేవారు. యూరియా ఎక్కువగా నిలిచిపోయేవారే ఎక్కువగా ఆస్పత్రి పాలవుతున్నారని 1981లో అమెరికా అధ్యయనం ఒకటి చూపింది. ఆ లెక్కల నుంచి 1985లో ఫ్రాంక్ గాచ్, జాన్ సార్జెంట్ ‘కేటీ/వీ’ని రూపొందించారు. నిమిషానికి యూరియా నుంచి శుభ్రపడే రక్తాన్ని డయాలసిస్ సమయంతో గుణించి, ఒంట్లోని నీటి పరిమాణంతో భాగిస్తే వచ్చే అంకె ఇది. వారానికి మూడుసార్లు చేయించుకునేవారికి విడతకు కనీసం 1.2 ఉండాలి, 1.4 లక్ష్యం. 2002లో వెలువడిన హీమో అధ్యయనంలో 1,846 మంది పాల్గొన్నారు. వారానికి మూడు విడతలు చేస్తూనే ఈ మోతాదును ఇంకా పెంచినా మరణాలు తగ్గలేదు.

కొలిచే తీరు

డయాలసిస్‌కు ముందు యూరియా 150, తర్వాత 45 ఉంటే తగ్గుదల 70 శాతం. కనీసం 65 శాతం తగ్గాలి. చివరి నమూనా తీసేముందు పంపు వేగాన్ని కాసేపు బాగా తగ్గించాలి. లేకపోతే అప్పుడే శుద్ధి అయిన రక్తం నమూనాలో కలిసి, ఫలితం ఉన్నదానికన్నా మెరుగ్గా కనిపిస్తుంది.

హిందూపురం ప్రాంతంలో

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం 2022 ఏప్రిల్ 4న శ్రీసత్యసాయి జిల్లాలో చేరాయి. అంతకుముందు ఇవి అనంతపురం జిల్లాలో ఉండేవి. 2007 ఏప్రిల్ 1న ప్రభుత్వ వైద్య పథకం ఆరోగ్యశ్రీ మొదలైన మూడు జిల్లాల్లో అనంతపురం ఒకటి. ఈ పథకం డయాలసిస్ ఖర్చు భరించడంతో పేదలకూ ఈ చికిత్స అందింది. అయినా నాలుగు గంటలు యంత్రం మీద ఉండటంతో పాటు, పల్లె నుంచి రానుపోను ప్రయాణమూ, పోయిన కూలి డబ్బూ రోగి కుటుంబానికి భారమే.

మన దేశంలో చాలామంది వారానికి రెండుసార్లే చేయించుకుంటారు. వారి విషయంలో ఒక్కో విడత కేటీ/వీ 1.2 దాటినంత మాత్రాన సరిపోయిందనుకోకూడదు. మూత్రం ఇంకా ఎంత వస్తోందో కలిపి, వారం మొత్తానికి లెక్క చూడాలి. హిమోగ్లోబిన్, పొటాషియం, ఫాస్పరస్, అల్బుమిన్‌తో పాటు ఒంట్లో చేరిన నీరు, రోగి ఆకలి, ఓపిక కూడా గమనించాలి. ఈ ఫలితాలు ఫైలులోనే ఉండిపోకూడదు. రోగికి, ఇంటివాళ్లకు అర్థమయ్యేలా చెప్పాలి. విడత మానేస్తే, లేదా గంట ముందే లేచి వెళ్లిపోతే నష్టమెంతో అప్పుడే వారికి తెలుస్తుంది.