గ్రంథస్వామ్యం, హక్కు

తెలుగు పుస్తకాల లోపలి పుటలో కనిపించే ‘సర్వహక్కులు రచయితవి’ అన్న వాక్యంలోని ‘హక్కు’, సత్యమనీ న్యాయంగా దక్కవలసినదనీ అర్థాలున్న అరబ్బీ ‘హఖ్’ నుండి పారసీ, ఉర్దూల మీదుగా వచ్చిన మాట కాగా, కాపీరైటుకు పర్యాయమైన ‘గ్రంథస్వామ్యం’ యాజమాన్యాన్ని తెలిపే సంస్కృత ‘స్వామ్య’ శబ్దంతో ఏర్పడిన సమాసం. నన్నయ రాజమహేంద్రవరంలో భారతాంధ్రీకరణకు పూనుకున్న 11వ శతాబ్దంలో కవికి ఆధారం రాజాశ్రయమే. ఆ ఊరివాడైన కందుకూరి వీరేశలింగం 1874లో ‘వివేకవర్ధని’ పత్రికను ప్రారంభించిన ముద్రణయుగంలో ప్రతులు అమ్మకపు వస్తువులు కావడంతో స్వామ్యం ఎవరిదన్న ప్రశ్న ముఖ్యమైంది.

1957 నాటి కాపీరైటు చట్టం ప్రకారం ఈ స్వామ్యం రచయిత జీవితకాలంతోపాటు, మరణించిన మరుసటి సంవత్సరం నుండి 60 ఏళ్లు నిలుస్తుంది. 1919లో మరణించిన వీరేశలింగం రచనలను అందుకే నేడు ఎవరైనా ఈ-పుస్తకాలుగా వెలువరించవచ్చు. హక్కును పూర్తిగా గాని పాక్షికంగా గాని బదిలీ చేయడం ‘అసైన్‌మెంటు’, స్వామ్యాన్ని తనవద్దే ఉంచుకొని వాడుకకు అనుమతించడం ‘లైసెన్సు’. రెండూ లిఖితపూర్వకంగా ఉండాలి, వ్యవధి పేర్కొనకపోతే 5 ఏళ్లుగా, ప్రాంతం పేర్కొనకపోతే భారతదేశంగా చట్టం భావిస్తుంది. ఒప్పందం నాటికి వాణిజ్యపరమైన వాడుకలో లేని మాధ్యమాన్ని అందులో ప్రత్యేకంగా పేర్కొంటే తప్ప బదిలీ దానికి వర్తించదని 2012 సవరణ నిర్దేశించింది గనుక, ముద్రణ, ఈ-పుస్తకం, శ్రవణపుస్తకం అనే హక్కులను విడివిడిగా రాయించుకోవడం ప్రతి రచయితా తప్పక పాటించవలసిన జాగ్రత్త.