తాళంకప్ప కథ

తాళంకప్ప సంగతి ఆడవాళ్ళకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదేమో! తిరపతి ప్రయాణమైనా, పక్క వీధిలో పేరంటమైనా సరే, తాళం వేసి, నాలుగడుగులు నడిచి, మళ్ళీ వెనక్కి వచ్చి ఒకసారి లాగి చూస్తేగాని మనసు నిలవదు. మగవాళ్ళు దానికి నవ్వుతారు. నవ్వనివ్వండి. ఈ మధ్య ఒక తాళంకప్ప చరిత్ర చదివాక, ఆ లాగి చూడడంలోనే అసలు తెలివంతా ఉందని నాకు గట్టిగా అనిపించింది.

ఆ తాళం ఇనుముది కాదు, ఇత్తడిదీ కాదు. కంప్యూటర్లోనో సెల్‌ఫోన్లోనో ఇంటర్నెట్ తెరిచినప్పుడు పైన అడ్రసు పక్కన గోరంత బొమ్మ ఉండేది చూశారూ, అదీ! కొన్ని బ్రౌజర్లలో ఇప్పటికీ ఉంది. బ్యాంకులో డబ్బు చూసుకోవాలన్నా, ఇంట్లో కూర్చుని చీర కొనాలన్నా, "ముందు తాళం బొమ్మ ఉందో లేదో చూసుకోండి" అని మనకు ఎన్నేళ్ళు నూరిపోశారు! ఆ బొమ్మ ఎలా పుట్టిందో, ఎలా ఊరంతా పాకిందో, చివరికి ఒక పెద్ద కంపెనీ దాన్ని ఎందుకు తీసేసిందో చెప్తాను. మనలాంటి వాళ్ళు తెలుసుకోవలసిన కథే.

ఈ వెబ్ అనే దాన్ని 1989లో టిమ్ బెర్నర్స్ లీ అనే ఇంగ్లీషాయన తలపెట్టాడు. స్విట్జర్లాండులోని జెనీవా దగ్గర సెర్న్ అనే పరిశోధనాలయం ఉంది. అక్కడి శాస్త్రజ్ఞులు తమ కాగితాలు ఒకరికొకరు చూపించుకోవడానికి పుట్టిన ఏర్పాటు అది. 1993 ఏప్రిల్ 30న దాన్ని లోకానికి ఉచితంగా వదిలేశారు. శాస్త్రజ్ఞుల మధ్య దొంగలుంటారని ఎవరనుకుంటారు? అందుకని తాళం ఆలోచనే రాలేదు. అప్పట్లో వెబ్ మీద పంపే ప్రతి మాటా పోస్టు కార్డే. మన కార్డు ముక్క పోస్టుమాను చదవచ్చు, పక్కింటివాళ్ళు చదవచ్చు, అరుగు మీద కూర్చున్న మామగారు అందరికంటే ముందు చదవచ్చు. కంప్యూటర్లో పంపిన మాట కూడా అంతే. దారిలో ఎన్ని యంత్రాల చేతులు మారితే అన్ని చోట్లా చదివేయవచ్చు.

క్షేమ సమాచారాలకు కార్డు చాలు. డబ్బు సంగతి కార్డు మీద రాస్తామా? వెబ్ మీద వ్యాపారం మొదలుపెడదామనుకునేసరికి ఈ చిక్కు వచ్చింది. అమెరికాలో నెట్‌స్కేప్ అనే కంపెనీ 1994లో ఒక బ్రౌజరు తెచ్చింది. మరుసటేడు దానిలో ఎస్.ఎస్.ఎల్. అనే పద్ధతి పెట్టింది. అంటే కార్డుకు బదులు అంటించిన కవరన్నమాట. మన మాటను ఇక్కడే గజిబిజి అంకెలుగా మార్చి పంపుతారు. అవతలి మనిషి దగ్గరున్న తాళంచెవితోనే అది మళ్ళీ మాటవుతుంది. ఈ పని మొదటి నమూనాలో లోపాలున్నాయని దాన్ని బయటికే రానివ్వలేదు. రెండోదే మనదాకా వచ్చింది. నెట్‌స్కేప్‌లో పనిచేసిన తాహెర్ ఎల్‌గమాల్ అనే ఆయన్ని ఈ ఎస్.ఎస్.ఎల్.కు పితామహుడంటారు. ఆయన పుట్టింది ఈజిప్టులో, కైరో నగరంలో.

మామూలు మనిషికి ఈ అంకెల గొడవ ఎలా తెలుస్తుంది? అందుకని నెట్‌స్కేప్ వాళ్ళు తెర కింద మూలన ఒక తాళంచెవి బొమ్మ పెట్టారు. దారి భద్రమైతే నిండు తాళంచెవి, కాకపోతే విరిగిన తాళంచెవి. తర్వాత తాళంచెవి పోయి తాళంకప్ప వచ్చింది.

అయితే ఆ తాళం మొదట్లో ఎంత గట్టిదో వినండి. 1995లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో ఇద్దరు విద్యార్థులు, ఇయన్ గోల్డ్‌బర్గ్, డేవిడ్ వాగ్నర్ అనే కుర్రాళ్ళు, దాన్ని పట్టి లాగి చూశారు. ఎవరూ ఊహించలేని అంకెతో తాళంచెవి తయారు చేయాలి కదా. నెట్‌స్కేప్ బ్రౌజరు ఆ అంకెను గడియారంలో టైము చూసి, ఇంకా అలాంటి ఒకటి రెండు చిన్న వివరాలు కలిపి తయారు చేస్తోందని ఆ కుర్రాళ్ళు కనిపెట్టారు. టైము ఎవరికి తెలియదు? బంగారం బీరువాలో పెట్టి, తాళంచెవి దేవుడి పటం వెనక దాచినట్టుంది! కంపెనీ వారు గబగబా సరిచేసుకున్నారు.

ఇంకో విచిత్రం. గట్టి రహస్య లిపిని అమెరికా ప్రభుత్వం అప్పట్లో తుపాకులతో పాటు ఆయుధాల పద్దులో వేసింది. అందుకని తమ దేశంలో వాళ్ళకు 128 బిట్ల ఉక్కు తాళం, ఎగుమతికి 40 బిట్ల రేకు తాళం. 40 బిట్లంటే సుమారు లక్షా పది వేల కోట్ల తాళంచెవులు. మనకది కొండంత లెక్క గాని, యంత్రానికి చిటికె. 1995 ఆగస్టులో ఫ్రాన్సులో డామియన్ డొలిజే అనే ఆయన 120 కంప్యూటర్లూ, రెండు పెద్ద యంత్రాలూ పెట్టి ఎనిమిది రోజుల్లో అలాంటి తాళం ఒకటి తీసి చూపించాడు. అదే ఆగస్టు 15న మన దేశంలో విదేశ్ సంచార్ నిగమ్ వారు జనానికి ఇంటర్నెట్ ఇవ్వడం మొదలుపెట్టారు. అంటే ఇంటర్నెట్ మన గడప తొక్కేనాటికి, దానితో పాటు విదేశాలకు పంపుతున్న తాళం రేకుదేనన్నమాట. 2000లో అమెరికా ఆ ఆంక్షలు సడలించాకే అందరికీ ఉక్కు తాళం దక్కింది.

సరే, తాళం గట్టిపడింది. కానీ ఎవరు వేశారు? బ్యాంకులు వేశాయి, అంగళ్ళు డబ్బు కట్టించుకునే చోట వేశాయి. మిగతా వెబ్ అంతా కార్డు ముక్కలే. కొన్ని కంపెనీలైతే పాస్‌వర్డు అడిగేటప్పుడు తాళం వేసి, లోపలికి వెళ్ళాక తీసేసేవి. అక్కడొచ్చింది ముప్పు. మనం ఒకసారి పాస్‌వర్డు చెప్పాక, మళ్ళీ మళ్ళీ అడగకుండా మన కంప్యూటర్ చేతికి ఒక చీటీ ఇస్తారు. దాని పేరు కుకీ. పూర్వం సినిమా హాల్లో ఇంటర్వెల్‌కి బయటికొస్తే ఔట్‌పాస్ ఇచ్చేవారు కదండీ, అలాంటిదే. అది ఎవరి చేతిలో ఉంటే వాళ్ళే సినిమా చూస్తారు!

2010 అక్టోబరులో ఎరిక్ బట్లర్ అనే ప్రోగ్రామరు ఫైర్‌షీప్ అని ఒక చిన్న సాధనం చేసి ఊరందరికీ పంచిపెట్టాడు. కాఫీ హోటల్లో ఉచిత వైఫై వాడుకుంటూ ఫేస్‌బుక్ చూస్తున్న వాళ్ళ చీటీలు పక్క బల్ల దగ్గర కూర్చున్నవాడికి కనిపించేవి. బొమ్మ మీద నొక్కితే చాలు, ఆ ఖాతాలో దూరిపోవచ్చు. ఇదేం పనయ్యా అంటే, కంపెనీలకు సిగ్గు రావాలనే చేశానన్నాడు. సిగ్గో, భయమో, 2011 జనవరిలో కావలసినవాళ్ళు తాళం పెట్టుకోవచ్చని ఫేస్‌బుక్ అంది. 2013కల్లా అందరికీ తనే వేసింది.

కంపెనీలు కదిలేదాకా జనం చేతులు ముడుచుకుని కూర్చోవాలా? అమెరికాలోని ఎలక్ట్రానిక్ ఫ్రాంటియర్ ఫౌండేషన్ అనే సంస్థ, టోర్ ప్రాజెక్టుతో కలిసి 2010లోనే ఒక సాధనం ఉచితంగా ఇచ్చింది. పేరు హెచ్.టి.టి.పి.ఎస్. ఎవ్రివేర్. ఏ సైటుకు తాళం వేసే వీలుందో జాబితా రాసుకుని, మనం మరిచిపోయినా అది తాళం ఉన్న తలుపు దగ్గరకే తీసుకుపోయేది. జాబితా పెంచిన వాళ్ళలో చాలామంది జీతం లేని స్వచ్ఛంద సేవకులే.

ఇంకో అడ్డంకి ఖర్చు. సైటు నిజంగా ఫలానావారిదేనని ఒకరు సర్టిఫికెట్ ఇవ్వాలి. మన కాగితాల మీద గెజిటెడ్ ఆఫీసరు సంతకం లాంటిది. దానికి డబ్బు, తిరుగుడు. సంతకం చేసేవాడి ఇంట్లోనే దొంగ పడితే? అదీ జరిగింది. 2011లో డిజినోటార్ అనే డచ్చి కంపెనీలో ఎవరో దూరి గూగుల్ పేరు మీద దొంగ సర్టిఫికెట్ పుట్టించారు. ఇరాన్‌లో జనం ఉత్తరాలు చదవడానికి దాన్ని వాడారు. ఆ కంపెనీ ఆ సెప్టెంబరులోనే దివాళా తీసింది.

ఖర్చు సంగతి తేల్చినవాళ్ళు లెట్స్ ఎన్‌క్రిప్ట్ వారు. మొజిల్లా, పైన చెప్పిన ఫౌండేషన్, మిచిగన్ విశ్వవిద్యాలయం మనుషులు కలిసి పెట్టిన సంస్థ ఇది. మొదటి సర్టిఫికెట్ 2015 సెప్టెంబరులో ఇచ్చారు. రూపాయి తీసుకోరు, పని యంత్రమే చేసేస్తుంది. 2020 ఫిబ్రవరికి వంద కోట్ల సర్టిఫికెట్లు ఇచ్చారు! ఈ పనిలోనూ, ఎవ్రివేర్ సాధనంలోనూ ముఖ్యంగా పాటుపడిన పీటర్ ఎకర్స్‌లీ అనే ఆస్ట్రేలియా ఆయన 2022 సెప్టెంబరులో చిన్న వయసులోనే పోయాడు. బ్రౌజర్లు తామే ఆ పని నేర్చేసుకోవడంతో, 2023 జనవరిలో ఎవ్రివేర్‌ను కూడా విశ్రాంతి తీసుకోమన్నారు. పని పూర్తయి రిటైరైన సాధనాలు లోకంలో అరుదు.

కథ ఇక్కడితో అయిపోతే మంగళం పాడేసేదాన్ని. కానీ ఉచితంగా ఇచ్చే తాళం మంచివాళ్ళకే ఇవ్వడం ఎలా? దొంగలూ వచ్చి పట్టుకుపోయారు. సర్టిఫికెట్ ఇచ్చే యంత్రం, ఈ తలుపు ఈ అడ్రసుదేనా అని చూస్తుంది. లోపలున్నవాడు పెద్దమనిషా అని అడగదు. దొంగ సైట్లు కూడా తాళం బొమ్మతోనే వస్తున్నాయని 2019లో అమెరికా ఎఫ్.బి.ఐ. హెచ్చరించింది.

మా వీధిలో ఒక రిటైరైన పంతులమ్మగారున్నారు. కరెంటు బిల్లు కట్టలేదు, రాత్రికి లైను తీసేస్తామని ఆవిడ ఫోనుకు ఎవరో మెసేజీ పంపారు. అందులో లింకు నొక్కింది. పేజీ అచ్చం అసలుదానిలాగే ఉంది. అన్ని వివరాలూ నింపింది. పింఛను డబ్బు రెండు నెలలది పోయింది. "తాళం బొమ్మ ఉందమ్మా, చూసే నొక్కాను" అంది నాతో. ఆవిడ తప్పేముంది? చెప్పినట్టే చేసింది. చెప్పినవాళ్ళే సగం చెప్పారు. తాళం ఉంటే దారిలో ఎవరూ వినరని అర్థం. దారి చివర ఉన్నవాడు మంచివాడని కాదు.

ఇది ఆవిడ ఒక్కతి పొరపాటు కాదండీ. 2021లో గూగుల్ వారు ఒక పరిశీలన చేస్తే, అందులో పాల్గొన్నవాళ్ళలో తాళం బొమ్మకు సరైన అర్థం తెలిసినవాళ్ళు నూటికి 11 మందే! అందుకని 2023 సెప్టెంబరులో క్రోమ్ బ్రౌజరు నుంచి ఆ బొమ్మ తీసేసి, వేరే గుర్తు పెట్టారు. తాళం ఉండడం ఇప్పుడు మామూలైపోయింది. లేకపోతేనే భద్రం కాదని చెప్తుంది. ఆ హెచ్చరిక 2018 నుంచే ఉంది.

మరి మనకు దిక్కేది? కొన్ని కాపలాలున్నాయి. దొంగ సైట్ల జాబితా చూసి ఎర్ర పేజీ అడ్డం పెట్టే ఏర్పాటు బ్రౌజర్లలో ఉంది. ఫైర్‌ఫాక్స్‌లో 2006లోనే వచ్చింది. అది వస్తే మొండిగా ముందుకు పోకండి. అయితే ఈ పూటే పుట్టిన దొంగ సైటు జాబితాకెక్కడానికి కొంత వ్యవధి పడుతుంది. పాస్‌వర్డ్ మేనేజరు ఇంకా గడుసుది. పేరులో ఒక్క అక్షరం తేడా ఉన్నా తనంతట తాను పాస్‌వర్డు పెట్టదు. మన కళ్ళు మోసపోయినా అది మోసపోదు.

ఇంకొకటి, మన ఇంటి దగ్గరి కబురు. బ్యాంకుల సైట్లన్నీ డాట్ బ్యాంక్ డాట్ ఇన్ అనే ఇంటిపేరుకు మారాలని రిజర్వు బ్యాంకు 2025 అక్టోబరు 31 గడువు పెట్టింది. ఆ పేరు ఎవరు పడితే వాళ్ళు కొనుక్కోలేరు. ఇచ్చే అధికారం మన హైదరాబాదులో ఉన్న ఐ.డి.ఆర్.బి.టి. అనే సంస్థకే ఉంది. అడ్రసు చివర ఆ ఇంటిపేరు ఉందా లేదా చదువుకోవాలి. పంపినవాడి లింకు నొక్కకుండా మనమే అడ్రసు కొట్టుకోవాలి. ఒకవేళ డబ్బు పోతే ఏడుస్తూ కూర్చోకుండా, సిగ్గుపడకుండా, వెంటనే 1930కి ఫోను చేయాలి. ఎంత త్వరగా చేస్తే ఆ డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ.

ముప్ఫై ఏళ్ళలో ఎందరో మేధావులు కలిసి మనకు గట్టి తాళం ఇచ్చారు, అదీ ఉచితంగా. వాళ్ళకు దణ్ణం పెట్టుకుందాం. కానీ మధ్యాహ్నం వేళ ఎవరో తలుపు కొడితే, గడియ ఎంత గట్టిదైనా "ఎవరూ?" అని అడగకుండా మనం తీస్తామా? ఆ ఒక్క ప్రశ్న మాత్రం ఏ కంపెనీ వాడూ మన బదులు అడగడు. మనకెలాగూ అలవాటే కదా, సెల్‌ఫోను ముందూ అడుగుదాం.