కిరాయిదారు ఆక్రమణదారు ఎప్పుడయ్యాడు?

మూసీ ఉత్తరపు ఒడ్డున అఫ్జల్‌గంజ్ వెలిసింది అయిదో నిజాం అఫ్జలుద్దౌలా ఏలుబడిలో, 1857–1869 మధ్య. ధాన్యం వర్తకులకు ఆయన ఇచ్చిన స్థలంలో గంజ్ ఏర్పడింది, ఆయన పేరే దానికి నిలిచింది. పక్కన ఉస్మాన్‌గంజ్, బేగంబజార్. నయాపూల్ దాటితే పత్తర్‌గట్టి. ఈ బజార్లలో కిరాయి కొట్టును ముల్గీ అంటారు. తెలంగాణ పల్లెల్లో, చిన్న పట్నాల్లో మడిగె అనేదీ దాన్నే. ఆ ముల్గీలో గల్లాపెట్టె ముందు కూర్చున్న మనిషికి మాత్రం కాగితాల్లో పేర్లు చాలా ఉన్నాయి. యజమానికి కిరాయిదారు, రెంట్ కంట్రోల్ కోర్టుకు అద్దెదారు, ముల్గీ సర్కారుదైతే లైసెన్సుదారు, గడువు దాటితే ఆక్రమణదారు. వీటిలో ఒక్కటీ అతడు పెట్టుకున్న పేరు కాదు, అన్నీ రిజిస్టరు రాసేవాళ్లు పెట్టినవే. ఒకరు ఇంకొకరికి మాట ఇవ్వడంతో మొదలైన ఈ పదజాలం, మధ్యలో అనుభవాన్నే హక్కుగా గుర్తించింది. తర్వాత అదే అనుభవాన్ని నేరం పక్కన చేర్చింది. ఈ చివరి మలుపు అన్యాయమన్నది నా వాదన.

కౌలు అన్న మాటతో మొదలుపెట్టాలి. అరబీలో ఖౌల్ అంటే మాట, వాగ్దానం. పాడుబడ్డ ఊళ్లకు రైతుల్ని మళ్లీ రప్పించడానికి, కొత్త పేటల్లో వర్తకుల్ని కుదుర్చుకోవడానికి దక్కన్ పాలకులు కౌలునామాలు ఇచ్చేవారు: ఇన్నేళ్లపాటు పన్ను ఇంతే, ఆ తర్వాత ఇంత అని. మాట ఇచ్చింది పైవాడు, దాన్ని నమ్మి వచ్చింది కిందివాడు. అంటే కౌలుదారు మొదట్లో, ఇంకొకరు ఇచ్చిన మాటను చేతిలో పెట్టుకున్న మనిషి. దారు అన్న పారసీ ప్రత్యయానికి కలిగినవాడనే అర్థం. జాగీర్దారుకు, పట్టాదారుకు ఉన్న తోకే కౌలుదారుకూ కిరాయిదారుకూ ఉంది. అంతస్తులో ఎంత తేడా ఉన్నా, ప్రతివాడి చేతిలోనూ ఏదో ఒక హక్కు ఉందని ఆ పాత పరిపాలనా భాష ఒప్పుకుంది. ఆ రోజుల్లో కౌలుదారు సుఖంగా బతికాడని ఎవరూ అనలేరు. దొరల కింద రైతు పడ్డ బాధలు తెలంగాణకు తెలియనివి కావు. నేను మాట్లాడుతున్నది దస్తావేజు అతణ్ని ఎలా చూసిందన్న దాని గురించి.

కబ్జా కథ ఇంతకంటే విచిత్రం. ఈ రోజు పేపరు తెరిస్తే చెరువు కబ్జా, శ్మశానం కబ్జా. అసలు మాటకు అర్థం స్వాధీనం, అంతే. నిజాం ప్రాంతపు రెవెన్యూ కాగితాల్లో అది మంచికీ చెడుకూ చెందని మాట. 1955 నాటి తెలంగాణ ప్రాంత ఇనాముల రద్దు చట్టం తెరిచి చూడండి. అందులో ఖాబిజ్-ఎ-ఖదీమ్ అని ఒక వర్గం ఉంది: ఇనాందారు కాకుండా, ఇనాం ఇచ్చేనాటికే ఆ భూమిలో ఉన్నవాడు, లేదా భూమి సర్కారుకు దఖలు పడేనాటికి కనీసం 12 ఏళ్లుగా విడవకుండా ఉంటూ ఇనాందారుకు శిస్తు మాత్రమే కట్టినవాడు. పాత కబ్జాలో ఉన్నవాడన్నదే అతడి అర్హత. అంతకు ముందే 1950 కౌల్దారీ చట్టం రక్షిత కౌలుదారు అన్న మాట తెచ్చింది. పహాణీలో పట్టాదారు పేరుకు ఒక గడి, అనుభవదారు పేరుకు ఇంకో గడి. భూమి ఎవరిది, అందులో ఎవరున్నారు అన్నవి రెండు వేర్వేరు ప్రశ్నలని, రెండింటికీ జవాబు రాయాల్సిందేనని ఆ గడులు చెప్పాయి.

పట్నంలోనూ అదే దారి. హైదరాబాద్ రాష్ట్రపు 1954 ఇళ్ల కిరాయి చట్టం స్థానంలో వచ్చిన 1960 నాటి భవనాల కౌలు, అద్దె, ఖాళీ చేయింపు నియంత్రణ చట్టం అద్దెదారుకు ఇచ్చిన నిర్వచనం చాలా దయగలది. కిరాయి ఒప్పందం రద్దయ్యాక కూడా అందులోనే కొనసాగుతున్నవాడు అద్దెదారే. అతడు చనిపోతే, వెంట నివసిస్తూ వచ్చిన భార్య, కొడుకు, కూతురూ అద్దెదారులే. కాగితానికి గడువు తీరినా మనిషికి పేరు పోలేదు. ఖాళీ చేయించాలంటే యజమాని కోర్టుకు కారణం చూపించాలి.

దీని పక్కన 2013లో వక్ఫ్ చట్టానికి చేసిన సవరణను పెట్టి చూడాలి. అందులో చేర్చిన నిర్వచనం ప్రకారం, చట్టబద్ధమైన అధికారం లేకుండా వక్ఫ్ ఆస్తిలో ఉన్నవాడు ఆక్రమణదారు. కిరాయి, లీజు, లైసెన్సు గడువు తీరినవాడు, వాటిని ముతవల్లీ (వక్ఫ్ నిర్వాహకుడు) గానీ వక్ఫ్ బోర్డు గానీ రద్దు చేశాక అందులో ఉన్నవాడు కూడా ఆక్రమణదారే. ప్రభుత్వ భవనాల విషయంలో 1968 నాటి ఖాళీ చేయింపు చట్టం ఇదే పని అంతకు ముందే చేసింది. పాతబస్తీలో వక్ఫ్ ముల్గీలు చాలా ఉన్నాయి. తాత కాలం నుంచి నెలనెలా కిరాయి కట్టి రసీదు తీసుకున్నవాడూ, రాత్రికి రాత్రి గోడ కట్టి దిగినవాడూ ఒకే మాట కిందికి వచ్చారు. ఈలోగా 1982 భూ ఆక్రమణల నిషేధ చట్టం, నగరంలో భూముల ధరలు కలిసి కబ్జాకు ఇప్పటి నేరపు అర్థాన్ని స్థిరపరిచాయి.

పేరులో ఏముంది, కోర్టులు సారాన్ని చూస్తాయి కదా అనవచ్చు. నిజమే, లైసెన్సని రాసుకున్నంత మాత్రాన లీజు లైసెన్సు అయిపోదని, ఒప్పందం సారమే ముఖ్యమని సుప్రీంకోర్టు 1959లోనే అసోసియేటెడ్ హోటల్స్ కేసులో చెప్పింది. కానీ సారం చూసేదాకా వెళ్లే స్తోమత ఎంతమంది చిల్లర వర్తకులకు ఉంది? నోటీసు ఇచ్చే గుమాస్తా, అప్పు ఇచ్చే బ్యాంకు చూసేది కాగితం మీది మాటనే. రెండో అభ్యంతరం ఇంకా బలమైంది: పాత కిరాయిదారులు నామమాత్రపు కిరాయి కడుతూ, పగడీ (కొట్టు అప్పగించేందుకు తీసుకునే సొమ్ము) పుచ్చుకుని ముల్గీని ఇంకొకరికి అప్పజెప్పారు, ధర్మాదాయ ఆస్తి ఆదాయం ఎండిపోయింది. ఇది కాదనలేను. ఆ కిరాయిలు పెరగాల్సిందే, పగడీ చేతులు మారడం ఆగాల్సిందే. అయితే కిరాయి తక్కువ కట్టడం, షరతు తప్పడం ఒప్పందంలో వచ్చే తగాదాలు. ఒప్పందమే లేకుండా చొరబడటం వేరు. పేరు వేరైతే విచారణ వేరవుతుంది, శిక్ష వేరవుతుంది. పేరు ఒకటి చేస్తే, కిరాయి పెంచమని అడగాల్సిన చోట తాళం పడుతుంది.

కాగితం మీది పేరు హక్కునే మార్చేస్తుందన్న ఈ భయమే పల్లెలో తలకిందులుగా పనిచేస్తోంది. కౌలు అని రాస్తే హక్కు పుడుతుందని యజమానులు కాగితం రాయరు. అందుకే ఉమ్మడి రాష్ట్రం 2011లో కౌలుదారు అన్న పేరు పక్కనపెట్టి అధీకృత సాగుదారు అంది, ఆంధ్రప్రదేశ్ 2019లో పంట సాగుదారు అని, 11 నెలల పత్రం పెట్టింది. తెలంగాణ 2020లో తెచ్చిన భూరికార్డుల పోర్టల్ ధరణిలో అనుభవదారు గడి అసలే లేకపోయింది. గంజ్‌కు ధాన్యం పండించి పంపేవాడికీ, దాన్ని ముల్గీలో అమ్మేవాడికీ ఇప్పుడు కావలసింది ఒకటే: రిజిస్టరులో ఆ గడి మళ్లీ రావాలి. అందులో మాట మీద వచ్చినవాడు, గడువు తీరినవాడు, మాట లేకుండా దిగినవాడు ముగ్గురినీ విడివిడిగా రాయాలి.