ప్లగ్గు పెట్టేముందు కొంచెం చరిత్ర

విమానం ఎక్కేముందు “సామానులో బ్యాటరీలు ఉన్నాయా?” అని అడుగుతారు కదా. ఆ ప్రశ్న వెనక ఒక లెక్క ఉంది. మామూలు ప్రయాణికుడు ఎవరినీ అడగకుండా వెంట తీసుకెళ్ళగలిగే లిథియం బ్యాటరీకి హద్దు 100 వాట్-అవర్లు. విమాన సంస్థ ఒప్పుకుంటే 160 దాకా తీసుకెళ్ళవచ్చు. అంతకు మించినదాన్ని ప్రయాణికుల సామానుతో ఎక్కనివ్వరు. ఇప్పుడు ఎలక్ట్రిక్ సైకిలు బ్యాటరీ సంగతి చూడండి. 48 వోల్టులు, 15 ఆంపియర్-అవర్లు అని దాని మీద రాసి ఉంటుంది. గుణిస్తే 720. అంటే పది పన్నెండు ల్యాప్‌టాప్ బ్యాటరీలు ఒకచోట కట్టిపెట్టినంత. విమానంలోకి రానివ్వని ఈ వస్తువును మనం రాత్రి మంచం పక్కన ప్లగ్గుకి తగిలించి హాయిగా నిద్రపోతున్నాం.

పరాయి దేశాల్లో నలుగురైదుగురు కలిసి ఉండే మన కుర్రాళ్ళ ఫ్లాటుల్లో ఇప్పుడు వీధి తలుపు పక్కనే ఇలాంటి సైకిలు తరచుగా కనిపిస్తోంది. దాన్ని ఎలా ఛార్జి చెయ్యాలో చెప్పే కాగితం కూడా పెట్టెలోనే వస్తుంది. చదివేవాళ్ళు తక్కువ. చదివినా అవన్నీ బామ్మగారి పట్టింపుల్లా అనిపిస్తాయి: అది ముట్టుకోకు, ఇక్కడ పెట్టకు, ఇప్పుడు వద్దు. ఒక్కో పట్టింపు ఎక్కడ పుట్టిందో తెలిస్తే అది గుర్తుండిపోతుంది. అందుకే ఈ వ్యాసం.

కథ 1970లలో అమెరికాలో, ఎక్సాన్ అనే చమురు కంపెనీలో మొదలవుతుంది. చమురు ఎప్పటికైనా అయిపోతుందన్న భయం ఆ రోజుల్లో చమురు కంపెనీలకే పట్టుకుంది. అక్కడ పనిచేస్తున్న స్టాన్లీ విటింగ్‌హామ్ ఒక కొత్త బ్యాటరీ తయారుచేశాడు. ఒక పక్క టైటానియం డైసల్ఫైడ్, రెండో పక్క లిథియం లోహం. లోహాలన్నిటిలోకీ తేలికైనది లిథియమే. తన ఎలక్ట్రాన్‌ని వదిలించుకోవడానికి ఎప్పుడూ తొందరపడుతూ ఉంటుంది. బ్యాటరీకి బలాన్నిచ్చేది ఈ తొందరే, ప్రమాదం తెచ్చేదీ ఇదే.

బ్యాటరీని ఛార్జి చేసినప్పుడల్లా లిథియం తిరిగి తన పలక మీదికి చేరాలి. అది నున్నగా పరుచుకోకుండా సన్నటి మీసాల్లా, ముళ్ళలా మొలిచింది. ఆ ముళ్ళు పెరిగి పెరిగి అవతలి పలకని తాకితే లోపలే షార్ట్ సర్క్యూట్ అవుతుంది, నిప్పు పుడుతుంది. ఆ ప్రయోగశాలకి అగ్నిమాపక దళం చాలాసార్లు రావలసివచ్చింది. లిథియం మంటలు ఆర్పడానికి వాడే ప్రత్యేక రసాయనాల ఖర్చు మీ చేతే కట్టిస్తామని వాళ్ళు బెదిరించారట. తరవాత చమురు ధర తగ్గింది, ఎక్సాన్ ఆ పనిని పక్కన పెట్టేసింది.

ఇక్కడ గమనించవలసిన సంగతి ఒకటుంది. ఆ ముళ్ళు మొలిచింది బ్యాటరీని వాడుతున్నప్పుడు కాదు, ఛార్జి చేస్తున్నప్పుడు.

1980లో ఆక్స్‌ఫర్డ్‌లో జాన్ గుడినఫ్ బృందం టైటానియం డైసల్ఫైడ్ బదులు లిథియం కోబాల్ట్ ఆక్సైడ్ వాడి, సుమారు 4 వోల్టులు రాబట్టింది. 1985లో జపాన్‌లో అసాహి కాసె కంపెనీకి చెందిన అకిరా యోషినో రెండో పక్కనుంచి లిథియం లోహాన్ని పూర్తిగా తీసేశాడు. దాని స్థానంలో పెట్రోలియం కోక్ అనే బొగ్గులాంటి పదార్థం పెట్టాడు. ఇప్పుడు లిథియం లోహంగా పేరుకోదు. అయాన్ల రూపంలో బొగ్గు పొరల మధ్య అద్దెకి దిగుతుంది. ఛార్జి చేస్తే ఈ ఇంటికి వస్తుంది, వాడితే ఆ ఇంటికి వెళ్తుంది. సొంత ఇల్లు ఎక్కడా లేదు. అందుకే దీన్ని లిథియం బ్యాటరీ అనకుండా లిథియం-అయాన్ బ్యాటరీ అన్నారు.

యోషినో తరవాత చేసిన పని నాకు చాలా ఇష్టం. పేలుడు పదార్థాలను పరీక్షించే చోటు అరువు తీసుకుని, తన బ్యాటరీ మీద పెద్ద ఇనపముక్క పడేశాడు. ఏమీ కాలేదు. లిథియం లోహం ఉన్న బ్యాటరీ మీద అలాగే పడేస్తే పెద్దగా పేలింది. బ్యాటరీ ఎంత శక్తి ఇస్తుందన్న దానికంటే, దెబ్బ తగిలితే ఏమవుతుందన్న ప్రశ్నకే ఆయన పెద్ద పీట వేశాడు.

ఆ ప్రశ్నకి విలువివ్వకపోతే ఏమవుతుందో నాలుగేళ్ళలోనే తెలిసింది. కెనడాలో మోలి ఎనర్జీ అనే కంపెనీ లిథియం లోహపు బ్యాటరీలను అమ్మకానికి తెచ్చింది. 1989లో జపాన్‌లో ఒక సెల్‌ఫోన్‌లో అలాంటి బ్యాటరీ అంటుకుని, వాడుతున్న మనిషికి కాలిన గాయాలయ్యాయి. బ్యాటరీలన్నీ వెనక్కి తెప్పించారు. కంపెనీ దివాలా తీసి చేతులు మారింది. 1991లో సోనీ మార్కెట్లోకి తెచ్చింది లిథియం-అయాన్ రకాన్ని. మన ఫోన్లూ, ల్యాప్‌టాప్‌లూ, సైకిళ్ళూ ఆ వంశంలోవే. విటింగ్‌హామ్, గుడినఫ్, యోషినో 2019లో నోబెల్ బహుమతి పంచుకున్నారు. అప్పటికి గుడినఫ్ వయసు 97 ఏళ్ళు.

ఇక ఛార్జర్ సంగతి. కోబాల్ట్ ఆక్సైడ్ లాంటి పదార్థంలోంచి లిథియాన్ని ఎంతైనా లాగెయ్యకూడదు. సుమారు సగం తీసేసరికి సెల్లు 4.2 వోల్టులకి చేరుతుంది. ఇంకా లాగితే గోడలోంచి ఇటుకలు తీసినట్టే, కట్టడం బలహీనపడి లోపలున్న ఆక్సిజన్ బయటికి రావడం మొదలవుతుంది. అవతలి పక్క బొగ్గులో ఖాళీ గదులు నిండిపోయి, వచ్చిన లిథియం మళ్ళీ లోహంగా పేరుకుంటుంది. అందుకే మంచి ఛార్జర్ మొదట ఒకే కరెంటుతో నింపి, హద్దు వోల్టేజి చేరాక అక్కడే నిలబడి, కరెంటు తగ్గిస్తూ పోయి చివరికి ఆపేస్తుంది.

48 వోల్టుల బ్యాటరీలో మామూలుగా 13 వరసలు ఉంటాయి. 13ని 4.2తో గుణిస్తే 54.6. ఛార్జర్ మీద ఆ అంకె ఉండాలి. 52 వోల్టుల బ్యాటరీలో 14 వరసలు, దాని ఛార్జర్ 58.8. ఈ రెండిటి ప్లగ్గు ఒకే ఆకారంలో ఉండవచ్చు. చెప్పులు సరిపోయాయి కదా అని వేసుకెళ్ళినట్టు, ప్లగ్గు సరిపోయింది కదా అని 58.8 వోల్టుల ఛార్జర్‌ని 48 వోల్టుల బ్యాటరీకి తగిలిస్తే ఒక్కో సెల్లు మీద 4.52 వోల్టులు పడతాయి. బ్యాటరీ లోపల కాపలా కాసే బీఎంఎస్ అనే సర్క్యూట్ దాన్ని అడ్డుకోవాలి. చవక బ్యాటరీలో ఆ కాపలాదారు నిద్రపోతే అడ్డుకునేవాళ్ళు లేరు. “ఆ బ్యాటరీకి ఆ ఛార్జరే వాడండి” అన్న మాట వెనక ఉన్నది కంపెనీ వ్యాపారం ఒక్కటే కాదు.

చలిదేశాల్లో ఉన్నవాళ్ళకి ఇంకో మాట. సున్నా డిగ్రీల కంటే చల్లగా ఉన్న బ్యాటరీని ఛార్జి చేస్తే, అయాన్లు బొగ్గు పొరల్లోకి చప్పున దూరలేవు. గుమ్మం బయటే లోహంగా పేరుకుంటాయి. విటింగ్‌హామ్‌ని వేధించిన ఆ పాత దెయ్యమే మళ్ళీ వచ్చిందన్నమాట. మంచులో తిరిగి వచ్చాక బ్యాటరీని ఇంట్లో కాసేపు ఉంచి, గది వేడికి వచ్చాకే ప్లగ్గు పెట్టాలి. ఎండలో తిరిగి కాలిపోతున్న బ్యాటరీకీ అంతే, చల్లబడనివ్వాలి.

అన్నీ సరిగ్గా చేసినా ప్రమాదం సున్నా కాదు. 2006లో డెల్ కంపెనీ 41 లక్షల ల్యాప్‌టాప్ బ్యాటరీలను వెనక్కి పిలిచింది. సెల్లులు చేసింది ఈ విద్యకి ఆద్యురాలైన సోనీయే. తయారీలో లోపల పడిన సన్నటి లోహపు రేణువులే కారణం. 2013 జనవరిలో బోయింగ్ 787 విమానాల బ్యాటరీలు మండి, ప్రపంచమంతటా ఆ విమానాలు నేల మీదే నిలిచిపోయాయి. అంత శ్రద్ధగా చేసిన వాటి గతే అలా ఉంటే, పాత సెల్లులు ఏరి, అతికి, కొత్త తొడుగు తొడిగి అమ్మే సైకిలు బ్యాటరీల మాట చెప్పాలా? సెల్లులన్నీ ఒకే వయసువి కాకపోతే, ముందుగా నిండిపోయినదాని మీద భారం ఎక్కువ పడుతుంది.

ఒక్క సెల్లు అదుపు తప్పితే దాని వేడికి పక్కది, దాని వేడికి ఆ పక్కది అంటుకుంటాయి. లోపలి పదార్థమే ఆక్సిజన్ విడుదల చేస్తుంది కనక దుప్పటి కప్పితే ఆరదు. ఆరినట్టు కనిపించి మళ్ళీ రాజుకోవచ్చు. పొగ విషం. ఆర్పడానికి ప్రయత్నించవద్దు. మనుషుల్ని బయటికి పంపి, తలుపు మూసి, అగ్నిమాపక దళానికి ఫోన్ చెయ్యడమే మార్గం. సైకిలుని వీధి తలుపు దగ్గర ఛార్జి చెయ్యకూడదని చెప్పేది ఇందుకే. మంట పుట్టే చోటూ మనం బయటపడే దారీ ఒకటే కాకూడదు.

ఈ పాఠాన్ని న్యూయార్క్ నగరం చాలా ఖరీదు పెట్టి నేర్చుకుంది. 2020లో అక్కడ ఎలక్ట్రిక్ సైకిళ్ళకి చట్టం అనుమతి దొరికింది. కోవిడ్ రోజుల్లో ఇళ్ళకి భోజనం మోసింది ఆ సైకిళ్ళ మీద తిరిగిన వలస కార్మికులే. రోజుకి పది పన్నెండు గంటల పని, ఒక బ్యాటరీ చాలదు. మంచి బ్యాటరీ ధర వందల డాలర్లు. చవకదే దిక్కు. నగర అగ్నిమాపక శాఖ లెక్కల్లో 2022లో ఇలాంటి మంటలు 220, చావులు 6. 2023లో మంటలు 268, చావులు 18. యూఎల్ 2849, 2271 వంటి భద్రతా ప్రమాణాలు పాటించని సైకిళ్ళూ బ్యాటరీలూ అమ్మకూడదన్న స్థానిక చట్టం 2023 సెప్టెంబరులో అమల్లోకి వచ్చింది. 2024లో చావులు 6కి తగ్గాయి. మంటలు మాత్రం దాదాపు అన్నే. ఇళ్ళల్లో ఉన్న పాత బ్యాటరీలు ఒక్క చట్టంతో మాయం కావు కదా.

2023 జూన్‌లో న్యూయార్క్ చైనాటౌన్‌లో కింద సైకిళ్ళ కొట్టు మండితే, పైన నిద్రపోతున్నవాళ్ళు చనిపోయారు. దానికి తొమ్మిది నెలల ముందు, 2022 సెప్టెంబరు 12 రాత్రి, మన సికింద్రాబాదులో జరిగిందీ ఇదే. కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూము, పైన లాడ్జి. ఎనిమిదిమంది పోయారు. మెట్ల మీదుగా పైకెక్కిన పొగే వాళ్ళలో చాలామందిని చంపింది. అదే ఏడాది ఏప్రిల్‌లో నిజామాబాదులో ఇంట్లో ఛార్జింగులో ఉన్న స్కూటరు బ్యాటరీ పేలి ఒక పెద్దాయన చనిపోయాడు. కొద్దిరోజులకే విజయవాడలో పడగ్గదిలో పెట్టిన బ్యాటరీ పేలి ఇంటి యజమాని చనిపోయాడు, భార్యాపిల్లలు గాయపడ్డారు. ఆ ఏడాది చివర్నుంచి ఏఐఎస్-156 ప్రమాణాన్ని మన దేశంలో కఠినం చేశారు. ఒక సెల్లు అంటుకుంటే మిగతావాటికి పాకడం గురించీ, బీఎంఎస్ గురించీ, ఛార్జర్ గురించీ అందులో కొత్త నిబంధనలు చేర్చారు.

రసాయనం కూడా మారుతోంది. గుడినఫ్ తరవాత టెక్సస్ వెళ్ళాక, ఆయన దగ్గర పనిచేసిన అక్షయ పాధీ అనే భారతీయ పరిశోధకుడు 1990లలో లిథియం ఐరన్ ఫాస్ఫేట్‌ని వెలుగులోకి తెచ్చాడు. ఇందులో ఆక్సిజన్ ఫాస్ఫరస్‌ని గట్టిగా పట్టుకుని ఉంటుంది, తొందరగా విడిపోదు. బరువు కాస్త ఎక్కువ, భయం తక్కువ. దీని ఛార్జింగు హద్దు 3.65 వోల్టులే, కాబట్టి దీని ఛార్జర్ వేరు. రెండూ కలపకూడదు.

ఈ చరిత్ర చదివాక నాకు తోచేది ఒకటే. ప్రయోగశాలలో మంట పుట్టినప్పుడు శాస్త్రవేత్తలకి అగ్నిమాపక దళం ఉంది. ఫోన్ అంటుకున్నప్పుడు కంపెనీకి పెట్టుబడిదారులున్నారు. డెలివరీ కుర్రాడికి ఉన్నది నలుగురు పంచుకునే గది, రెండే ప్లగ్గులు. “రాత్రిపూట ఛార్జి చెయ్యకు” అంటే అతను పగలంతా రోడ్డు మీదే ఉంటాడు. “భవనంలోకి తేవద్దు” అని నోటీసు అంటిస్తే దొంగచాటుగా తెస్తాడు. న్యూయార్క్ 2024లో వీధుల్లో ఛార్జింగు పెట్టెలు ప్రయోగాత్మకంగా పెట్టింది అందుకే. నియమం పాటించమనే ముందు పాటించే వీలు కల్పించాలి.

వీలున్న మనం చేయగలిగింది మనం చేద్దాం. ప్రమాణం ముద్ర ఉన్న బ్యాటరీ, దాని సొంత ఛార్జర్. గోడ ప్లగ్గే, ఎక్స్‌టెన్షన్ తీగ వద్దు. పరుపుల మీదా, వీధి తలుపు దగ్గరా వద్దు. మెలకువగా ఉన్నప్పుడే, నిండగానే తీసెయ్యడం. ఉబ్బినా, వాసన వచ్చినా, నీళ్ళలో నానినా, గట్టిగా కింద పడినా మళ్ళీ ఛార్జి చెయ్యకపోవడం. చెత్తబుట్టలో కాకుండా బ్యాటరీలు తీసుకునే చోట అప్పగించడం. ఇంట్లో పొగ పసిగట్టే అలారం పనిచేస్తోందో లేదో చూసుకోవడం.

ఇవన్నీ చాదస్తం అనిపిస్తే, మన ఇళ్ళల్లోకి గ్యాస్ సిలిండరు వచ్చిన రోజులు గుర్తు చేసుకోండి. వంటింట్లో బాంబు పెట్టుకుంటారా అని పెద్దవాళ్ళు భయపడ్డారు. భయపడి మానెయ్యలేదు, ఒక అలవాటు నేర్చుకున్నారు. రాత్రి దీపం ఆర్పేముందు “రెగ్యులేటర్ కట్టేశావా?” అని ఎవరో ఒకరు అడిగేవారు. ఇప్పుడు సైకిలున్న ఇంట్లో అడగవలసిన మాట “ప్లగ్గు తీశావా?” అంతే.