మునిగిన ఓడకు పాతాళ గరిగె

ఇంటింటికి కుళాయిలు రాక పూర్వము బావిలో చేద జారిపడితే ఏమి చేసేవారో పెద్దలకు జ్ఞాపకముండును. వీధిలో ఎవరి ఇంటనో ఉన్న పాతాళ గరిగెను ఎరువు తెచ్చేవారు. ఇనుప కడియము చుట్టూ కొక్కెములు వ్రేలాడే ఆ పనిముట్టును తాడుతో దించి, బావి అడుగున నాలుగు సార్లు త్రిప్పి లాగితే, చేద ఏదో ఒక కొక్కెమునకు తగులుకొని పైకి వచ్చేది. ఇందులో యంత్రము లేదు, ఖర్చు లేదు. అయినా పని జరుగుటకు కారణము, చేద ఏ బావిలో పడినదో ముందే తెలిసియుండుట.

సముద్రములో మునిగిన ఓడను ఇదే విధముగా వెతుకవచ్చునా? కొంచెము లెక్క వేసి చూతము. పడవ వెనుక ఈడ్చుకొనిపోయే కొక్కెము 1 మీటరు వెడల్పును మాత్రమే తడుముననుకొనుడు. ఒక చదరపు కిలోమీటరు సముద్రపు అడుగును పూర్తిగా తడుముటకు పడవ 1000 సార్లు ఇటు నుండి అటు పోవలెను; అనగా 1000 కిలోమీటర్లు. గంటకు 3 కిలోమీటర్ల చొప్పున, దినమునకు 8 గంటలు పనిచేసినను 42 దినములు పట్టును. ఇరుప్రక్కలకు ధ్వనిని పంపి ఒక్క సారిలో 100 మీటర్ల వెడల్పును చూడగల యంత్రమున్నచో 10 సార్లు పోయిన చాలును. యంత్రమునకు అంత ధర ఎందుకో ఇందువలన తెలియుచున్నది.

కాని లెక్కను మరియొక విధముగా కూడ చేయవచ్చును. ఓడ ఫలానా దీవి ముక్కు దగ్గర మునిగినదని ఒక పాత ఉత్తరము చెప్పి, ఆ చదరపు కిలోమీటరును 100 మీటర్ల భుజము గల చతురస్రమునకు కుదించినదనుకొనుడు. అప్పుడు ఆ మోటు కొక్కెమే 100 సార్లు, ఒక్కొక్కసారి 100 మీటర్లు, మొత్తము 10 కిలోమీటర్లు పోయిన చాలును. మూడున్నర గంటలలో పని ముగియును. యంత్రము చేయు సాయము ఎంతో, ఆ కాగితము చేసిన సాయమును అంతే. ఈ సంగతిని లెక్కలో కాక సముద్రము మీదనే ఋజువు చేసినవాడు స్వీడన్ దేశస్థుడు ఆండర్స్ ఫ్రాంజేన్. ఆయన వెతికినది వాసా అను యుద్ధనౌకను.

వాసా కథ విచిత్రమైనది. 1628వ సంవత్సరము ఆగస్టు 10వ తేదీన, గస్తావస్ అడాల్ఫస్ రాజు కట్టించిన ఈ మహానౌక 64 కంచు ఫిరంగులతో స్టాక్‌హోం రేవు నుండి మొదటి ప్రయాణమునకు బయలుదేరినది. పొడవు 69 మీటర్లు. దాని అంతస్తుల ఎత్తునకు తగిన బరువు అడుగున లేదు. సుమారు 1300 మీటర్లు పోయినదో లేదో, ఒక గాలి విసురుకు ప్రక్కకు ఒరిగినది. తెరచి ఉంచిన ఫిరంగి కిటికీలలో నుండి నీరు లోనికి దూకినది. ఊరి జనము చూచుచుండగానే 32 మీటర్ల లోతున అడుగంటినది. ముప్పదిమంది వరకు చనిపోయినారు.

1664, 1665 సంవత్సరములలో ట్రైలేబెన్ అనునతడు గంట ఆకారము గల బోలు పాత్రలో మనుష్యులను దింపి ఏబదికి పైగా ఫిరంగులను పైకి తీయించినాడు. పాత్రలోని గాలియే వారికి ఊపిరి. 30 మీటర్ల లోతున పీడనము నాలుగు రెట్లగును గనుక గాలి నాలుగవ వంతునకు కుదించుకొనిపోవును. మిగిలిన భాగమంతయు నీరే. చీకటిలో, గడ్డకట్టే చలిలో ఒక్కొక్క టన్ను పైబడిన ఫిరంగులను విప్పి తీసిన ఆ మనుష్యుల ధైర్యమును తలచుకొనిన ఆశ్చర్యము కలుగును. ఫిరంగులు పోయిన తరువాత ఓడతో ఎవరికిని పనిలేకపోయినది. క్రమముగా అది మునిగిన చోటును గూడ జనము మరచినారు.

ఫ్రాంజేన్ స్వీడన్ నౌకాదళ కార్యాలయములో ఇంధనములకు సంబంధించిన ఇంజనీరు. పాత ఓడలను వెతుకుట ఆయనకు తీరిక వేళల వ్యాపకము. ఆయన మొదట వేసుకొనిన ప్రశ్న, ఏ పరికరము కొనవలెననునది కాదు. మూడు వందల ఏండ్ల క్రిందటి కొయ్య ఓడ ఏ సముద్రములో చెడిపోకుండ నిలిచియుండునని ఆయన ఆలోచించినాడు. ఉప్పు నీటిలో కొయ్యను తొలిచి తినివేసే ఓడపురుగు ఒకటి ఉన్నది. పేరుకు పురుగే కాని అది నిజమునకు ఆలుచిప్ప జాతికి చెందిన జీవి. మన విశాఖపట్టణపు రేవులో ఇట్టి జీవులు చేయు నష్టమును గురించి 1950ల దశాబ్దములో ఆంధ్ర విశ్వవిద్యాలయ జంతుశాస్త్ర శాఖవారు పరిశోధనలు చేసినారు. మహాసముద్రపు నీటిలో వెయ్యి పాళ్లకు సుమారు 35 పాళ్ల ఉప్పుండగా, స్టాక్‌హోం దగ్గర బాల్టిక్ సముద్రములో అది అయిదారు పాళ్లకు మించదు. అంత చప్పని నీటిలో ఓడపురుగు బ్రతుకజాలదు. కావున వాసా ఇంకను ఉండితీరవలెనని ఫ్రాంజేన్ నిశ్చయించుకొన్నాడు. ఈ నిశ్చయమునకు ఆయనకు దమ్మిడీ ఖర్చు కాలేదు.

తరువాత చేసిన పని మాత్రము తొందరపాటే అనవలెను. 1954 మొదలు వేసవి సెలవులలో చిన్న మోటారు పడవ తీసుకొని, తీగకు కొక్కెములు కట్టి, రేవు అడుగును ఈడ్వసాగినాడు. పాతాళ గరిగెయే అనుకొనుడు. చోటును గురించి ఆయనకు దొరికిన ఆధారములు సరియైనవి కావు. కొక్కెమునకు తగిలినవేవి? తుప్పు పట్టిన ఇనుప పొయ్యిలు, ఆడవారి సైకిళ్లు, క్రిస్మస్ చెట్లు, చచ్చిన పిల్లులు! పెద్ద పట్టణపు రేవు అడుగు ఎట్లుండునో మనము ఊహించుకొనవచ్చును. రెండు వేసవులు ఇట్లే పోయినవి. ఎవరును ఆయనను పెద్దగా ఎగతాళి చేయకపోవుట స్వీడన్ వారి మర్యాదయేమో!

శీతకాలములో రేవు పని సాగదు. ఆ కాలమును ఆయన పాత దస్తావేజులు చదువుటలో గడిపేవాడు. అట్లు చదువుచుండగా రాజ్యసభవారు విదేశమున యుద్ధములో ఉన్న రాజుకు 1628 ఆగస్టు 12వ తేదీన, అనగా ప్రమాదము జరిగిన రెండు దినములకు, వ్రాసిన ఉత్తరము కంటబడినది. ఓడ మునిగినది బెక్‌హోల్మెన్ అను చిన్న దీవి సమీపమున అని అందులో ఉన్నది. ఆ ప్రాంతపు లోతులు కొలిచిన పటములో ఒక చోట అడుగున చిన్న దిబ్బ కనబడుచున్నది. ఇదేమని విచారింపగా, దీవిలో ఓడలను మరమ్మతు చేయు రేవు తొట్టిని త్రవ్వినప్పుడు ప్రేల్చిన రాళ్లను అక్కడ పోసినారని సంబంధించినవారు చెప్పినారు. ఆ మాటకు ఆయన కొంతకాలము వెనుదీసినాడు కూడ. పెద్దలు చెప్పిన సమాధానమును పరీక్షింపక అంగీకరించుట ఎంత సులభమో చూడుడు.

ఇక్కడ ఆయన మరియొక చౌక పనిముట్టు చేయించినాడు. ధాన్యపు వర్తకులు బస్తాను పొడిచి నాలుగు గింజలు బయటకు తీసే ఇనుప గొట్టమును మీరు చూచియుందురు. ఇదియు అట్టిదే. బరువైన ఉక్కు కడ్డీ చివర పదునైన బోలు గొట్టము. తాడుతో వేగముగా దించితే అడుగున తగిలినదానిలో గ్రుచ్చుకొని చిన్న ముక్కను కొరికి తెచ్చును. వెతుకుటకు ఇది ఎందుకును పనికిరాదు. తడుమునది వేలెడు చోటు మాత్రమే. కాని దిబ్బ రాయియా, మట్టియా, కొయ్యయా అను ప్రశ్నకు దీనిని మించిన సాక్షి లేదు. పరికరములను ఎన్నుకొనుటలో పొరపాటు సాధారణముగా ఇక్కడనే జరుగును: వెతికే పరికరమును సాక్ష్యము చెప్పమని, సాక్ష్యము చెప్పే పరికరమును వెతుకమని అడుగుదుము.

1956 ఆగస్టు 25వ తేదీన ఆ గొట్టము నోట నల్లని, గట్టి ఓకు కొయ్య ముక్క పైకి వచ్చినది. ఓకు కొయ్య నీటిలో అట్లు నల్లబారుటకు నూరు సంవత్సరములకు పైగా పట్టునని ఫ్రాంజేన్‌కు తెలుసు. కొంత దూరము జరిగి మరల దించినాడు. మరల అదే నల్లని ఓకు. ఇంత పొడవున ఒకే కొయ్య ఉన్నదనగా అది దూలము కాదు, ఓడయే. సెప్టెంబరు నెల మొదట నౌకాదళపు ముఖ్య గజ ఈతగాడు పేర్ ఎడ్విన్ ఫెల్టింగ్ దిగినాడు. అడుగున కన్ను పొడుచుకొన్నను కానరాని చీకటి. రొమ్ము బంటి బురద. ఏమియు లేదని టెలిఫోనులో చెప్పి, నాలుగడుగులు వేయగా చేతికి కొయ్య గోడ తగిలినది. తడుముచు పోగా చతురస్రపు కిటికీలు, వాటిపైన మరియొక వరుస కిటికీలు. రెండు వరుసల ఫిరంగి కిటికీలు గల ఓడ అక్కడ మునిగినది వాసా ఒక్కటే.

వెతుకుట చౌకగా జరిగినది గాని పైకి తీయుట చౌక కాదు. ఈతగాండ్రు ఓడ అడుగున ఆరు సొరంగములు త్రవ్వి ఉక్కు తాళ్లు పన్నవలసి వచ్చినది. 1961 ఏప్రిల్ 24వ తేదీకి గాని వాసా నీటి పైకి తేలలేదు. కొయ్య పగిలిపోకుండ దానిపై మందు నీటిని చల్లుటకే మరి 17 ఏండ్లు పట్టినది.

ఫ్రాంజేన్ వద్ద ధనమున్నచో ఖరీదైన యంత్రములు ఆయన శ్రమను తప్పించెడివా? లోతును ధ్వనితో కొలిచే యంత్రము అప్పటికే ఉన్నది. నీటిలో ధ్వని సెకనుకు సుమారు 1500 మీటర్లు పోవును. 32 మీటర్ల లోతునకు పోయి తిరిగి వచ్చుటకు సెకనులో 23వ వంతు చాలును. కాని అది చూపేది దిబ్బనే. ఆ దిబ్బ పటములో ఉండనే ఉన్నది. ఇక రెండవది ప్రోటాన్ అయస్కాంతమాపకము. సీసాలో కిరోసిన్ పోసి, చుట్టూ తీగ చుట్టి విద్యుత్తును పంపి ఆపివేసిన, అందలి హైడ్రోజన్ కేంద్రకములు భూమి అయస్కాంతక్షేత్రమున బొంగరములవలె సెకనుకు రెండువేల పైచిలుకు సార్లు తలలు త్రిప్పును. దగ్గర ఇనుమున్నచో ఆ లెక్క మారును. 1958లో ఆక్స్‌ఫర్డ్ వారు దీనిని నేలలోని పురావస్తువులను వెతుకుటకు ఉపయోగించినారు. చక్కని పరికరమే, అయితే దూరము రెట్టింపైన దాని సూచన ఎనిమిదవ వంతునకు పడిపోవును. పైగా కంచును అది గుర్తింపదు. వాసా ఫిరంగులు కంచువి, వాటిలోను అధికభాగము ఎన్నడో పోయినవి. ఆ పొయ్యిలు, సైకిళ్ల మధ్య అది అడుగడుగున కేకలు పెట్టియుండును.

యంత్రమే పని చేసిపెట్టిన సందర్భమును గూడ చెప్పకపోయిన న్యాయము కాదు. 1545 జూలై 19వ తేదీన ఇంగ్లండు దక్షిణ తీరమున మునిగిన మేరీ రోజ్ పూర్తిగా మట్టిలో పూడిపోయినది. 1965లో అలెగ్జాండర్ మెకీ అను రచయిత, సెలవు దినములలో ఈతకు వచ్చే మిత్రులతో దానిని వెతుక మొదలిడినాడు. చోటు తెలిసినది 1841 నాటి నౌకాపటము వలన. ఆ పటమునకు చోటును చూపినవారు, 1836లో వలలు దేనికో తగులుకొనుచున్నవని మొరపెట్టుకొన్న జాలరులు. మన తీరమున కూడ, వల చిరిగే చోట్లు జాలరులకు నోటిలెక్కగా ఉండును. వారిని అడుగుటకు ఏ యంత్రమును అక్కరలేదు.

కాని మట్టి క్రింద ఉన్నదానిని కొక్కెము తాకదు, కన్ను చూడదు. 1967, 1968లలో అమెరికా శాస్త్రజ్ఞుడు ఎడ్జర్టన్ రూపొందించిన ధ్వని యంత్రములు సహాయముగా లభించినవి. తక్కువ పౌనఃపున్యము గల ధ్వని మట్టిలోనికి దిగి, క్రింద ఏదో పెద్ద వస్తువున్నదని గీతలలో చూపినది. ఆ గీతలను నమ్మి మెకీ బృందము అక్కడి సముద్రపు అడుగును ప్రభుత్వము నుండి సంవత్సరమునకు 1 పౌను చొప్పున కౌలుకు తీసుకొన్నది. మూడు వేసవులు మట్టిని త్రవ్విచూచినారు. 1971 మే 5వ తేదీన పెర్సీ ఆక్లండ్ అను ఈతగాడు దిగి చూచుసరికి, శీతకాలపు తుఫానులు అడుగు మట్టిని కొంత తొలగించి పోయినవి. ఆ మట్టిలో నుండి ఓడ ప్రక్కటెముకలు వరుసగా పైకి కనబడుచున్నవి.