ఆచూకీ లేని సిపాయి: కర్నూలు, కడప జిల్లాల్లో యుద్ధకాలపు భర్తీ

ఉర్దూలో 'భర్తీ' అంటే నింపడం. సైన్యంలో చేర్చుకోవడానికీ అదే మాట. ఖాళీలను భర్తీ చేయడమనే వాడుక తెలుగులోనూ ఉన్నది. రెండు ప్రపంచ యుద్ధాల కాలంలో రాయలసీమ గ్రామాల నుండి యువకులను పటాలంలోకి తీసుకున్న తీరుకు ఇంతకంటె తగిన పదం దొరకదు. ఎక్కడో ఏర్పడిన ఖాళీని ఇక్కడి మనుషులతో నింపారు. అయితే వారు వెళ్ళినందువల్ల ఇంటిలో ఏర్పడిన ఖాళీ మాట ఏమిటి? తాను తిరిగి రాక, మరణవార్తా రాక, ఆచూకీ లేకుండా పోయిన సిపాయి భార్య ఎన్నేళ్ళు ఎదురుచూడాలి? ఈ ప్రశ్న చరిత్రకూ షరీఅత్‌కూ ఉమ్మడిది. దానిని ఈ రెండు జిల్లాల నేపథ్యంలో పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

భూమికి బదులు సేవ

ఈ మెట్ట ప్రాంతానికి ఆయుధవృత్తి కొత్తది కాదు. కడపలో మయానా నవాబులకు, కర్నూలులో పఠాన్ నవాబులకు అశ్విక దళాలుండేవి. పాలెగాండ్ర క్రింద కట్టుబడి బంట్రోతులుండేవారు. కట్టుబడికి మాన్యం ఉండేది. పిలుపు వచ్చినప్పుడు ఆయుధం పట్టి వెళ్ళడం అతని బాధ్యత. అంటే పిలిచేవాడెవడో, తనకు దక్కేదేమిటో అతనికి తెలుసు.

1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి దత్తం చేసిన తరువాత ఈ ఏర్పాటు చెదిరిపోయింది. ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో పాలెగాండ్ర బలగాలను అణచివేశాడు. 1839లో కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాన్‌ను కంపెనీ పదవీచ్యుతుణ్ణి చేసింది. 1846లో కోయిలకుంట్ల ప్రాంతంలో ఉయ్యాలవాడ నరసింహారెడ్డి తిరుగుబాటు చేసినప్పుడు అతని వెంట నడిచినవారిలో కట్టుబడులు ఉన్నారు. మరుసటి సంవత్సరం అతన్ని ఉరితీశారు. ఆ విధంగా హిందువులకు గాని, ముస్లింలకు గాని ఆయుధం చేతబట్టి బ్రతికే పాత మార్గాలు మూసుకుపోయాయి. మిగిలింది వాన మీద ఆధారపడిన సేద్యం. ఆ సేద్యం ఎంత నమ్మదగినదో 1876–78 కరువు చూపింది. 1871, 1881 జనాభా లెక్కల నడుమ కర్నూలు జిల్లా జనాభా సుమారు నాలుగో వంతు తగ్గిపోయింది.

చట్టం లేని పిలుపు

1914లో యుద్ధం మొదలైనప్పుడు భారతీయులకు నిర్బంధ సైనిక సేవ లేదు. 1917 నాటి ఇండియన్ డిఫెన్స్ ఫోర్స్ చట్టం ఇక్కడి యూరోపియన్లకు సేవను నిర్బంధం చేసి, భారతీయులకు ఐచ్ఛికంగా ఉంచింది. అయినా 1918 ఏప్రిల్‌లో ఢిల్లీలో జరిగిన యుద్ధ సమావేశం తరువాత, మరో అయిదు లక్షల మందిని చేర్చాలన్న లక్ష్యం రాష్ట్రాల వారీగా పంపిణీ అయింది. రాష్ట్రానికి ఒక అంకె నిర్ణయమైన తరువాత అది జిల్లాకూ తాలూకాకూ దిగక తప్పదు. శిస్తు వసూలు చేసే యంత్రాంగమే మనుషులనూ సమకూర్చవలసి వచ్చింది. శిస్తు పద్దు చేతిలో ఉన్న రెడ్డి, కరణం పిల్లవాణ్ణి పటాలానికి పంపమని సలహా ఇస్తే, అది సలహా మాత్రమేనని బీదరైతు అనుకోగలడా?

మద్రాసు రాజధాని నుండి ఆ యుద్ధంలో చేరినవారు సుమారు 92 వేలు. పంజాబు నుండి దాదాపు నాలుగున్నర లక్షలు. ఈ తేడాకు కారణం ఉంది. దక్షిణాదివారు యుద్ధానికి తగినవారు కారన్న సిద్ధాంతాన్ని 19వ శతాబ్ది చివర ఆంగ్ల సేనానులు ప్రచారం చేశారు. 1881 నుండి 1885 వరకు మద్రాసు సేనాధిపతిగా ఉన్న రాబర్ట్స్ వారిలో ప్రముఖుడు. తెలుగువారికి సైన్యం తలుపులు దాదాపు మూతపడ్డాయి. మద్రాసు ముస్లింలకు మాత్రం కర్ణాటిక్ పదాతి దళాల్లో కొంత చోటు మిగిలింది. అవసరం ముంచుకొచ్చినప్పుడు మూసిన తలుపులు మళ్ళీ తెరుచుకున్నాయి. మద్రాసు నుండి వెళ్ళినవారిలో 41 వేల మంది పోరాట సిబ్బంది కారు. వంటవాళ్ళు, మోతగాళ్ళు, కంచరగాడిదలు తోలేవాళ్ళు, కూలీలు.

సిపాయి జీతం నెలకు 11 రూపాయలు. 1918లో వానలు విఫలమయ్యాయి. ధరలు మండిపోయాయి, ఆ సెప్టెంబరులో మద్రాసు రాజధానిలో పలుచోట్ల ధాన్యం దోపిడీలు జరిగాయి. వెనువెంటనే ఇన్‌ఫ్లూయెంజా వచ్చిపడింది. అటువంటి ఏడాదిలో పదకొండు రూపాయలకు వేలిముద్ర వేసినవాడు స్వచ్ఛందంగా చేరాడని రికార్డు చెబుతుంది. మన ఫుఖహా ఇక్కడ రెండు మాటలు వాడతారు. ఒకరి బెదిరింపు వల్ల కలిగే బలవంతం 'ఇక్రాహ్'. ఆకలి వంటి ప్రాణావసరం వల్ల కలిగే గత్యంతరం లేని స్థితి 'ఇజ్తిరార్'. రాయలసీమ సిపాయిని చాలావరకు తరిమింది రెండవది. అధికారి ఒత్తిడి దానికి తోడయింది.

ఖలీఫా సేనలకు ఎదురుగా

1914 నవంబరులో తుర్కీ యుద్ధంలో దిగింది. ఇస్తాంబుల్‌లో జిహాద్ ప్రకటన వెలువడింది. పవిత్ర స్థలాల జోలికి పోమని బ్రిటిష్ ప్రభుత్వం వాగ్దానం చేసింది. భారత సైనికులలో అత్యధికులను పంపింది మాత్రం మెసపొటేమియాకే. ముస్లిం సిపాయి తన ఖుత్బాలో ఏ ఖలీఫా పేరు విన్నాడో, అతని సేనలకే ఎదురు నిలవవలసి వచ్చింది.

1921 జులైలో కరాచీ ఖిలాఫత్ మహాసభ, బ్రిటిష్ సైన్యంలో కొనసాగడం ముస్లింకు నిషిద్ధమని తీర్మానించింది. అందుకు మౌలానా ముహమ్మద్ అలీని సెప్టెంబరు 14న మన తెలుగుగడ్డ మీదనే, వాల్తేరు రైల్వే స్టేషనులో అరెస్టు చేశారు. అప్పుడు ఆయనతో ప్రయాణిస్తున్న గాంధీ ఆ నెల చివరిలో కడప, కర్నూలు వచ్చారు. ఆ తీర్మానం ధైర్యమైనది. దాని కోసం నాయకులు రెండేళ్ళ కఠిన శిక్ష అనుభవించారు. అయితే అది సిపాయి ఏం చేయకూడదో చెప్పింది. సిపాయి పంపే మనియార్డరు మీద ఆధారపడిన ఇల్లు ఎలా గడవాలో చెప్పడం ఏ తీర్మానానికీ సులువు కాదు.

మఫ్ఖూద్ భార్య

1916 ఏప్రిల్ 29న కూత్‌లో సుమారు 13 వేల మంది లొంగిపోయారు. వారిలో ఎక్కువమంది భారతీయులు. నడిపించి తీసుకుపోయిన దారుల్లోనూ శిబిరాల్లోనూ వేలాది మంది మరణించారు. మరణం నిర్ధారించిన కాగితం ఇంటికి చేరితే భార్య నాలుగు నెలల పది రోజుల ఇద్దత్ గడిపి తన దారి తాను చూసుకోవచ్చు. కాగితం రాకపోతే?

అటువంటివాణ్ణి ధర్మశాస్త్రం 'మఫ్ఖూద్' అంటుంది. ఆ మాటను తెలుగులోకి తెచ్చేటప్పుడు 'తప్పిపోయినవాడు' అంటే చాలదు, 'గతించినవాడు' అంటే తప్పు. బ్రతికి ఉన్నాడో లేడో తెలియనివాడని పూర్తిగా చెప్పవలసిందే. మన ప్రాంతంలో అనుసరించే హనఫీ మత్‌హబ్ ప్రకారం అతని ఈడువారు గతించేవరకు, పలువురు ఫుఖహా నిర్ణయంలో అతనికి 90 ఏళ్ళు నిండేవరకు, అతన్ని బ్రతికి ఉన్నట్లే భావించాలి. అంతవరకు భార్యకు అతని ఆస్తి నుండి భృతి చెల్లుతుంది. ఇది అతని హక్కులను కాపాడే నియమం, సందేహం లేదు. కాని నాలుగెకరాల బీడు తప్ప ఆస్తి లేనివాడి భార్యకు ఆ భృతి ఎక్కడినుండి వస్తుంది?

మాలికీ మత్‌హబ్‌లో మరో మార్గం ఉన్నది. హజ్రత్ ఉమర్ (రజి) తీర్పును ఆధారం చేసుకుని, ఖాజీ విధించిన నాలుగేళ్ళ గడువు తరువాత భార్య వైధవ్యపు ఇద్దత్ గడిపి పునర్వివాహం చేసుకోవచ్చు. కాని ఆ గడువు విధించే అధికారం ఎవరికుంది? 1880 ఖాజీల చట్టం మన ఖాజీలకు నికాహ్ జరిపే గౌరవం మిగిల్చిందే గాని తీర్పు చెప్పే అధికారం ఇవ్వలేదు. ఏడేళ్ళు ఆచూకీ లేకుంటే మరణించినట్లు భావించవచ్చునని 1872 సాక్ష్య చట్టం చెప్పింది; అయితే మస్జిదు ముంగిట ఆ నియమంతో మనస్సులు కుదుటపడలేదు.

మౌలానా అష్రఫ్ అలీ థానవీ 1931 ప్రాంతంలో 'అల్ హీలతున్నాజిజా' గ్రంథంలో, ఇటువంటి విషయాలలో మాలికీ అభిప్రాయాన్ని హనఫీలు స్వీకరించవచ్చునని నిరూపించారు. దానికి ప్రత్యక్ష కారణం యుద్ధం కాదు. నికాహ్ బంధం నుండి బయటపడే దారిలేక కొందరు స్త్రీలు మతం వదలుతున్న స్థితి. ఆ కృషి ఫలితంగా ముస్లిం వివాహాల రద్దు చట్టం 1939 మార్చిలో వచ్చింది. నాలుగేళ్ళు భర్త ఆచూకీ లేకుంటే భార్య కోర్టుకు వెళ్ళవచ్చు. అయితే తీర్పు ఆరు నెలలు ఆగి అమలులోకి వస్తుంది. ఆలోగా భర్త వచ్చి కాపురానికి సిద్ధమంటే తీర్పు రద్దవుతుంది. ముస్లిం న్యాయాధికారే తీర్పు చెప్పాలన్న నిబంధన తొలగించినందుకు ఉలమా అసంతృప్తి వెలిబుచ్చారు. బ్రిటిష్ ఇండియా చట్టం కనుక బనగానపల్లె సంస్థానానికి గాని, తుంగభద్ర ఆవలి నిజాం రాజ్యానికి గాని అది దానంతట అదే వర్తించలేదు.

ఆరు నెలలకే రెండవ యుద్ధం వచ్చింది. 1942లో మద్రాసు రెజిమెంటును పునరుద్ధరించారు. యుద్ధాంతానికి భారత సైన్యం 25 లక్షలకు చేరింది. 1942 ఫిబ్రవరి 15న సింగపూరు పతనమైనప్పుడు దాదాపు 45 వేల మంది భారత సైనికులు జపాను చేతికి చిక్కారు. బ్రతికినవారికి విడుదల 1945 సెప్టెంబరులో, అంటే మూడున్నరేళ్ళు దాటిన తరువాత. ఇక్కడ నాలుగేళ్ళ గడువు విలువ తెలుస్తుంది. తొంభై ఏళ్ళ నియమమైతే మరణించినవాని భార్య జీవితం ముగిసిపోయేది. రెండేళ్ళ గడువైతే బ్రతికి వచ్చినవాడు తన ఇంటిలో పరాయివాడయ్యేవాడు. హజ్రత్ ఉమర్ (రజి) కాలపు ఆ నిర్ణయం ఇద్దరి హక్కునూ తూచింది. ఆ చట్టం నేటికీ మన దేశంలో అమలులో ఉన్నది.

పేర్లు

మెసపొటేమియాలో సమాధి లేని మృతుల కోసం బస్రాలో కట్టిన స్మారకం మీద ఆంగ్ల సైనికుల పేర్లు చెక్కారు. భారతీయులలో అధికారుల పేర్లు మాత్రమే చెక్కి, మామూలు సిపాయిలను దళాలవారీగా అంకెలతో సరిపెట్టారు. ఈ వివక్షను కామన్వెల్త్ యుద్ధ సమాధుల సంఘం 2021లో తన నివేదికలో అంగీకరించింది. అక్కడ లేని పేర్ల జాడ ఎక్కడైనా మిగిలి ఉంటే అది మన ఊళ్ళలోనే. నికాహ్ దఫ్తర్లలో, ఇంటి అటకమీది పెన్షను కాగితాల్లో, డిశ్చార్జి పత్రాల్లో, ఖబ్రస్తాన్ పక్కన పెద్దలు చెప్పే మాటల్లో అది ఉంటుంది. 1970లో ప్రకాశం జిల్లాలో కలిసిన కంభం, గిద్దలూరు, మార్కాపురం ప్రాంతాలూ నాడు కర్నూలు జిల్లావే కనుక వాటినీ విడువరాదు. మస్జిదు కమిటీలు, విద్యావంతులైన యువకులు ఈ కాగితాలను చెదలకు వదలకుండా నకలు తీసి భద్రపరచాలని మనవి. వెళ్ళినవాని పేరుతోపాటు, ఎదురుచూసిన ఆమె పేరునూ వ్రాసి ఉంచాలి.