కాంపౌండరు కిటికీ దాటి

కర్నూలు, కడప సీమలో మందులిచ్చే మనిషి ఒకప్పుడు కాంపౌండరు. మిక్చరు కలపడం, సీసాకు మోతాదు పట్టీ అంటించడం, ఎలా తాగాలో చెప్పడం ఆయన పని. 1948 ఫార్మసీ చట్టం ఆ వృత్తిని చదువుకు, రిజిస్ట్రేషనుకు కట్టింది. కంపెనీ మాత్రలొచ్చాక కలిపే పని పోయింది, దాంతో చెప్పే పనీ సన్నగిల్లింది. 2008లో మొదలైన ఫార్మ్ డి (డాక్టర్ ఆఫ్ ఫార్మసీ) చదువు ఆ పాత బాధ్యతనే పెద్ద శిక్షణతో ఫార్మసిస్టుకు తిరిగి అప్పగించింది. 1957లో కర్నూలు మెడికల్ కాలేజీ, 2006లో కడప రిమ్స్ వచ్చాయి కదా, డాక్టర్లుండగా ఇంకొకరెందుకని అడగొచ్చు. రోగం తేల్చడం డాక్టరు పనే. కానీ నొప్పి మాత్రలు బీపీని పెంచగలవు, మూత్రపిండాలను దెబ్బతీయగలవు. రోగి నాలుగు చోట్ల తెచ్చుకున్న మందులను సరిచూసే తీరిక కిటకిటలాడే ఓపీలో దొరకదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఫార్మసిస్టును కిటికీ వెనకనుంచి డాక్టరు, నర్సుల పక్కకు తేవడం కొత్త పోకడేమీ కాదు, పాత బాకీ తీర్చడమే.